బంతి నీళ్ళలో పడితే ఔట్

రిటైరయ్యానని చెబితే చాలామంది ముందు నా జుట్టు వైపు చూస్తారు. నాకింకా ముప్ఫై నాలుగే. మెకానికల్ డిప్లొమా మీద ఓడల మరమ్మతు వర్క్‌షాపులో వచ్చిన ఉద్యోగం అలాగే ఉంది. నేను రిటైరైంది నా రెండో వృత్తి నుంచి. విశాఖ లీగ్‌లో ఆడే ఒక చిన్న క్రికెట్ జట్టుకి ఇన్నాళ్ళూ కోచ్‌గా ఉన్నాను. కుడి మోకాలు ఇక వద్దంది. నా పని అందుకోవడానికి ఇద్దరు ముందుకొచ్చారు. వాళ్ళ కోసం, వాళ్ళలా ఓడిపోయే జట్లని నెత్తికెత్తుకునే మిగతా వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పిచ్ ఎలా చూడాలి, ఉదయం ఏం తినాలి వంటివి ఇందులో ఉండవు. ఒక్క విషయమే చెబుతాను. బలహీనమైన జట్టు బలమైన జట్టు కంటే ధైర్యంగా, పెత్తనం చేస్తూ బ్యాటింగ్ చేయాలి. అలా చేస్తే చూడ్డానికి బాగుంటుందని కాదు, వేరే దారి లేదు కాబట్టి. కాగితం మీద ఇది నాకు మొదటి నెలలోనే అర్థమైంది. మైదానం మీదికి తేవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడమే ఈ కథ.

గౌరవంగా ఓడిపోవడం

తొంభైల చివర్లో నేను చేరేటప్పటికి మా జట్టు మొదటి డివిజన్‌లో అట్టడుగున ఉండేది. సగం మంది ఫిషింగ్ హార్బర్ వాళ్ళు. బోట్ల మీద వేటకెళ్ళేవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు. మిగతా సగంలో కొందరు ఓల్డ్ టౌన్ కొట్ల వాళ్ళు, కొందరు గాజువాక నుంచి కిట్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని సిటీ బస్సులో వచ్చే, ఐటీఐ చదివి ఫ్యాక్టరీల్లో చేసేవాళ్ళు.

కెప్టెన్ కరీం భాయ్. పూర్ణా మార్కెట్లో వాళ్ళకి తాళ్ళ కొట్టుంది. కొబ్బరి తాళ్ళు, నైలాన్ తాళ్ళు, వలలు అల్లే దారం అమ్ముతారు. నెమ్మదైన మనిషి, అంతకంటే నెమ్మదైన బ్యాట్స్‌మన్. ఓపెనర్ నూకరాజు, హార్బర్లో చేపల వేలంపాట నడిపే మనిషి. వీళ్ళందరి మీదా సూర్యనారాయణ గారు, మా అధ్యక్షుడు. పోర్టులో క్రేన్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన నిజమైన రిటైర్డ్ మనిషి, తెల్లజుట్టుతో సహా.

సూర్యనారాయణ గారు వయసులో ఉండగా మ్యాచ్‌లు రెండేసి రోజులు జరిగేవి. ఓసారి ఆయన రోజంతా క్రీజులో పాతుకుపోయి, చాలా పెద్ద జట్టు చేతిలో ఖాయంగా ఓడిపోవాల్సిన ఆటని డ్రా చేశారు. ఆ ఇన్నింగ్స్ గురించి నేను విన్నన్నిసార్లు మా ఇంట్లో అమ్మానాన్నల పెళ్ళి గురించి కూడా వినలేదు. ఆ రోజు నుంచి ఆయన క్రికెట్ శాస్త్రమంతా ఒక్క వాక్యంలో ఉండేది: వికెట్ పోకూడదు. జట్టులో ఒక శిక్ష కూడా పెట్టారు. గాల్లోకి కొట్టి క్యాచ్ ఇచ్చినవాడు వచ్చే ఆదివారం ఆడడు.

కానీ మేం ఆడుతున్నవి నలభై ఓవర్ల మ్యాచ్‌లు. అందులో డ్రా అనేది లేదు. ఎదుటి జట్టు రెండొందలు దాటేది. మేం నలభై ఓవర్లూ ఆడి, చేతిలో సగం వికెట్లు మిగుల్చుకుని, చాలా వెనకబడి ఓడిపోయేవాళ్ళం. సాయంత్రం టెంటు కింద పెద్దాయన స్టీలు క్యాన్ మూత తీసి అందరికీ స్వయంగా మజ్జిగ పోసేవారు.

"పర్లేదర్రా. ఆలౌట్ అవలేదు. గౌరవంగా ఓడిపోయాం."

మజ్జిగ మాత్రం చాలా బాగుండేది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇలాంటి పైవాణ్ణి చూసి నవ్వకండి. ఆయన నేర్చుకున్నది తప్పు కాదు. ఆయన కాలంలో అది జట్టుని కాపాడింది కూడా. ఆట మారిపోయిందన్న సంగతి ఎవరూ ఆయనకి సరిగ్గా చెప్పలేదు, అంతే. చెప్పడానికి వెళ్ళినవాళ్ళంతా వాదించారు. నేనూ వాదించి, మజ్జిగ తాగి వచ్చేశాను.

రెండువేలు దాటిన కొత్తలో ఒక వేసవి మాకు వాదించే సమయం కూడా లేకుండా పోయింది. ఆ ఏడు పెట్టిన కొత్త నిబంధన ప్రకారం అట్టడుగున మిగిలిన జట్టు రెండో డివిజన్‌కి దిగిపోతుంది. మాకూ ఇంకో జట్టుకీ సమానంగా పాయింట్లు ఉన్నాయి, పరుగుల లెక్కలో వాళ్ళే ముందు. వాళ్ళ ఆటలు అయిపోయాయి, మాకు ఆఖరి మ్యాచ్ మిగిలింది. దిగిపోతే పరువు పోవడం ఒక్కటే కాదు. మొదటి డివిజన్ ఆటలు ఆదివారాలు జరుగుతాయి. రెండో డివిజన్‌కి ఆదివారం గ్రౌండ్ దొరకదు కాబట్టి మామూలు రోజుల్లో పెడతారు. మామూలు రోజున పాట వదిలి నూకరాజు రాలేడు, కొట్టు వదిలి కరీం భాయ్ రాలేడు, షిఫ్టు వదిలి గాజువాక వాళ్ళు రాలేరు. అంటే దిగిపోతే జట్టే ఉండదు. ఆఖరి మ్యాచ్‌లో గౌరవంగా ఓడిపోతే గౌరవంగా ఇళ్ళకి పోవాల్సిందే.

కాగితం మీద సంగతి

చిన్న జట్లకి ధైర్యం ఎందుకు కావాలో నాకు అర్థమైన వరుసలో చెబుతాను.

బలమైన జట్టుకి ఆట ఎంత మామూలుగా సాగితే అంత మంచిది. బౌలర్లు మనకంటే మంచివాళ్ళు, ఫీల్డర్లు మనకంటే చురుకు. ప్రతి ఓవరూ ముందటి ఓవర్లాగే ఉంటే చివరికి వాళ్ళే గెలుస్తారు. మనం జాగ్రత్తగా ఆడుతున్నామంటే వాళ్ళకి కావాల్సింది మనమే అమర్చిపెడుతున్నాం.

ఇక, కొట్టని బ్యాట్స్‌మన్ చుట్టూ ఫీల్డర్లు దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు నెమ్మదిగా నెట్టిన బంతికి ఒక్క పరుగు కూడా రాదు. అదే బ్యాట్స్‌మన్ రెండు బంతులు తలల మీంచి పంపితే ఫీల్డర్లు వెనక్కి పోతారు, ఒక్కో పరుగు ఊరికే దొరుకుతుంది. ధైర్యంగా కొట్టిన రెండు షాట్లు తర్వాత ఆడే ఇరవై జాగ్రత్త షాట్లకి దారి చేస్తాయి. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. ముందు జాగ్రత్త, తర్వాత ధైర్యం అంటారు. తర్వాత అనుకున్నది వచ్చేసరికి ఓవర్లు అయిపోతాయి.

మూడోది బౌలర్ మనసు. దాని గురించి నాకు పెద్దగా తెలీదు. తెలిసిన మనిషి నూకరాజు. కానీ తనకి తెలుసని తనకే తెలీదు.

ఇదంతా క్లబ్బు గదిలో గోడ మీద సుద్దతో బొమ్మలు గీసి చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. ఆదివారం వచ్చింది. బుద్ధిగా డిఫెన్స్ ఆడారు.

హార్బర్లో గొంతు

నూకరాజుతో విడిగా మాట్లాడదామని ఒక ఉదయం హార్బర్‌కి వెళ్ళాను. అప్పటికింకా వేసవి వేట నిషేధం మొదలవలేదు. బోట్లు ఒడ్డుకి చేరి ఉన్నాయి, తట్టలు దిగుతున్నాయి, కొనేవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. మధ్యలో నూకరాజు. లుంగీ ఎగ్గట్టి, రెండు చేతులూ గాల్లో పెట్టి ఉన్నాడు. మైదానంలో అతని గొంతు నాకెప్పుడూ సరిగ్గా వినపడలేదు. ఇక్కడ జెట్టీ చివర్నుంచే వినిపించింది.

"వంజరం! వంజరం తట్ట! కన్ను సూడండి, మీకేసే సూత్తంది! ఎవుడు పాడతాడు?"

ఒక బేరగాడు ఏదో తక్కువ ధర గొణిగాడు.

"ఏటి బావా, అది సేప దరా, నీ తలకాయ దరా? నీ తలకాయైతే ఆ దరకి నానే కొంటాను, ఇచ్చీ!"

అంతా గొల్లుమన్నారు. ఆ బేరగాడు కూడా నవ్వుతూ ధర పెంచాడు. పక్కవాడు ఇంకా పెంచాడు. నూకరాజు ఎవరికీ ఆలోచించే సందివ్వలేదు. ఎవరు ఎప్పుడు తగ్గుతారో, ఎవరిని కాస్త గిల్లితే పైకి పాడతారో అన్నీ చూస్తున్నాడు. అక్కడ డబ్బున్నది వాళ్ళ దగ్గర, పెత్తనం మాత్రం ఇతనిది.

ఇతన్ని మా ఓపెనర్‌గా పెట్టుకుని ఇన్నాళ్ళూ డిఫెన్స్ ఆడిస్తున్నాం!

పాట ముగిశాక టీ తాగుతూ అడిగాను. "ఇక్కడ ఇలా ఉన్నావు, క్రీజులో మూగవాడివైపోతావు. ఎందుకు?"

"ఇక్కడ నాను పాడకపోతే సేప పాడైపోద్ది బావా. అక్కడ నాను కొడితే నానే పోతాను. రెండూ ఒకటేనేటి?"

"పోతే పోయావు."

"ఎంత సులువుగా అనీసినావు! వారానికి ఒక్కపాలి కదా బ్యాటు పడతాం. ఔటైపోతే సాయంత్రం దాకా ఆ టెంటు కింద కూకుని పెద్దాయన మొకం సూడాల. మళ్ళీ ఆదివారం ఆయన ఆడనివ్వడు. అంటే రెండు వారాలు. ఉన్నకాడే ఉండిపోతే కనీసం గంటసేపు క్రీజులో ఉంటాను కదా."

ఇది నా సుద్దబొమ్మల్లో లేదు. పెద్ద జట్టు ఆటగాడికి రేపు ఇంకో ఇన్నింగ్స్ ఉంటుంది. మావాడికి వారమంతటికీ అదొక్కటే. అందుకే దాన్ని పిసినారిలా దాచుకుంటున్నాడు. పిరికితనం అని నేను పేరు పెట్టింది నిజానికి ఆట మీద ఇష్టం.

నీళ్ళు

టీ అయ్యాక అతను నన్ను ఐస్ ప్లాంట్ వెనక్కి తీసుకెళ్ళాడు. వలలు ఆరేసే సిమెంటు జాగా అది. హార్బర్ వాళ్ళంతా చిన్నప్పట్నుంచీ ఆట నేర్చుకుంది అక్కడే. ఒకవైపు ప్లాంట్ గోడ, ఇంకోవైపు పాత డ్రమ్ములు. బౌలర్ వెనక, తిన్నగా, నీళ్ళు.

"నువ్వూ కొట్టు ఇంజినీరు బావా," అని బ్యాటు నా చేతికిచ్చారు.

మూడో బంతి కాస్త ముందు పడింది. అడుగు ముందుకేసి బౌలర్ తల మీంచి ఎత్తాను. చక్కగా తగిలింది. రెండు బోట్ల మధ్య నీళ్ళలో పడింది. బ్యాటు పైకెత్తి చూపించాను. అందరూ ఒకేసారి అరిచారు.

"ఔట్!"

"ఔటేమిటి? సిక్స్ కదా!"

"నీళ్ళల్లో పడితే ఔటు. కొత్త బంతి నువ్వే తేవాల," అన్నాడు నూకరాజు. "తాతల కాడ్నుంచీ ఇదే రూలు."

"మీ తాత క్రికెట్ ఆడాడా?"

"ఆడ్నేదు గానీ రూలెట్టీసినాడు."

అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వుతుండగానే అర్థమైంది. మా హార్బర్ బ్యాట్స్‌మెన్ ఎవరూ తిన్నగా ఎత్తి కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. బంతిని పక్కకి తోస్తారు, వికెట్ల వెనక్కి జారవిడుస్తారు. తిన్నగా వచ్చే బంతి ఎంత చెత్తదైనా కింద అణిచేస్తారు. ఎదుటి కెప్టెన్లకి కారణం తెలీదు కానీ ఫలితం తెలుసు. బౌలర్‌కి అటూ ఇటూ నిలబడే ఇద్దరు ఫీల్డర్లనీ మా మీదికి దగ్గరగా తెచ్చి నిలబెట్టేవారు, వాళ్ళ తలల మీంచి ఏదీ రాదన్న నమ్మకంతో.

నిజానికి ఎత్తి కొట్టడానికి అన్నిటికంటే క్షేమమైన దిక్కు తిన్నగానే. బంతి వచ్చే గీత, బ్యాటు ఊగే గీత ఒకటే కాబట్టి తప్పు జరిగే అవకాశం తక్కువ. అడ్డంగా ఊపితే రెండు గీతలూ ఒక్క చోటే కలుస్తాయి. ఇది ఏ డిప్లొమావాడైనా చెబుతాడు. క్షేమమైన దారినే మావాళ్ళు ప్రమాదం అని నేర్చుకున్నారు. బంతి పోతుందనే భయంతో పెట్టుకున్న రూలు పెద్దయ్యాక కూడా వాళ్ళ మోచేతుల్లో ఉండిపోయింది.

కొత్త కోచ్‌లూ, మీ జట్టు భయపడుతోందనిపిస్తే ముందు ఉపన్యాసం ఇవ్వకండి. వాళ్ళు ఎక్కడ ఆడి పెరిగారో వెళ్ళి చూడండి. గోడ ఎటుంది, కిటికీ ఎవరిది, కాలవ ఎటు పారుతోంది చూడండి.

పెద్ద వల

వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. హార్బర్ మనుషులకి వలలు బాగుచేసుకోవడం తప్ప పెద్ద పని ఉండదు. ఆఖరి మ్యాచ్ ఆ నిషేధం చివర్లో పడింది. అదే మా అదృష్టం.

నీళ్ళ అంచున రెండు పాత బోటు కొయ్యలు పాతి, పనికిరాని పెద్ద వల ఒకటి నిలువుగా కట్టారు. తాళ్ళు కరీం భాయ్ కొట్లోంచి వచ్చాయి. వలలు అల్లే ముసలాళ్ళు వచ్చి చిరుగులు కుట్టి ఇచ్చారు, వేళాకోళంతో సహా.

"ఏట్రా, సేపలు మానీసి బంతులు పడతన్నారేటి?"

"అవునెహె! పులుసెట్టుకుంటాం, నువ్వూ రా!" అన్నాడు నూకరాజు.

రూలు తిరగరాశాం. వల పై సగానికి బంతి తగిలితే కొట్టినవాడు ఇంకో ఓవర్ ఆడతాడు. ఔటైనా సరే, ఓవర్ అయ్యేదాకా ఉన్నవాడు ఉన్నట్టే. ఎన్నిసార్లు ఔటైనా బ్యాటు చేతిలోంచి పోదని తెలిశాక మనిషి భుజాలు ఎలా వదులవుతాయో అక్కడ చూశాను.

మొదటి వారం మాత్రం ఘోరం. ఏ బంతి వచ్చినా గుడ్డిగా ఊపారు. నూకరాజు వరసగా బౌల్డ్ అవుతుంటే కరీం భాయ్ తల పట్టుకున్నాడు.

"అరె భాయ్, ఇది బ్యాటింగా, దోమలు తోలడమా?"

"మీరే కదా కొట్టమన్నారు!"

అప్పుడు నేను నూకరాజుని ఒక్కటే అడిగాను. "వంజరం తట్టకీ చవకరకం కవళ్ళ తట్టకీ ఒకేలా పాడతావా?"

"ఎందుకు పాడతాను? కవళ్ళు గబగబా వొదిలించుకోవాల. వంజరానికి ఆపి, ఆపి..." మధ్యలో ఆగిపోయాడు. బ్యాటు వైపు చూశాడు. "ఓస్! ఇదేటి బావా, ముందే సెప్పొచ్చు కదా!"

పెత్తనం అంటే ప్రతి బంతినీ బాదడం కాదు. ఏ బంతికి ఏం జరగాలో మనం నిర్ణయించడం. మంచి బంతిని ఆపినా సరే, బౌలర్ కళ్ళలోకి చూస్తూ ఆపాలి. ఇది నేను చెప్పింది కాదు. నాలుగు రోజుల తర్వాత నూకరాజు మిగతావాళ్ళకి నేర్పుతుంటే విన్నాను.

"వోడు బంతేసినాక నువ్వు తల దించీకు. 'ఏటి, ఇంతేనా సరుకు?' అన్నట్టు సూడాల. తర్వాత బంతి వోడే సెత్తది ఏత్తాడు."

నేను తెలీదని వదిలేసిన మూడో సంగతి అదే.

వచ్చే ఆదివారం

మిగిలింది సూర్యనారాయణ గారు. ఆయన శిక్ష అమల్లో ఉన్నంతకాలం ఈ వల ఐస్ ప్లాంట్ వెనకే ఉండిపోతుంది, మైదానానికి రాదు. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు నేనూ కరీం భాయ్ కలిసి ఆయన ఇంటికి వెళ్ళాం.

"ఏమయ్యా ఇంజినీరూ, హార్బర్లో సర్కస్ పెట్టావట?"

"ప్రాక్టీసండి."

"గాల్లోకి కొడుతున్నారట."

"కొడుతున్నారండి."

"క్యాచ్ ఇచ్చినవాడు వచ్చే ఆదివారం ఆడడు. ఆ రూలు మారదు."

ఈసారి నేను వాదించలేదు. "వద్దండి, మార్చకండి. ఒక్కటే సందేహం. ఓడిపోతే వచ్చే ఆదివారమే లేదు కదండీ. ఎవర్ని తీసేస్తారు?"

ఆయన నా వైపు చూశారు. కరీం భాయ్ వైపు చూశారు. పడక్కుర్చీ చేతిని తడిమారు. ఆయనకి ఆ జట్టు తప్ప వేరే వ్యాపకం లేదని మా ఇద్దరికీ తెలుసు.

"మరి గెలిస్తే?" అన్నారు చివరికి.

"గెలిస్తే అందర్నీ తీసేయండి సాబ్," అన్నాడు కరీం భాయ్. "హాయిగా ఇంట్లో పడుకుంటాం."

పెద్దాయన నవ్వాపుకోవడానికి మీసం సవరించుకున్నారు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పై అధికారి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకండి. అది చాలు.

ఆ మ్యాచ్

ఎదురుగా ఒక పెద్ద కంపెనీ జట్టు. అందరివీ ఒకేలాంటి టోపీలు. వాళ్ళు ముందు ఆడి ఎప్పట్లాగే రెండొందలు దాటారు. వేట లేదు కాబట్టి హార్బర్ సగం మైదానం చుట్టూ చేరింది. మా ఆటకి అంతమంది రావడం అదే మొదటిసారి. మొదటి బంతిని నూకరాజు ఆపాడు. బౌలర్ని చూస్తూ ఆపాడు. అలవాటుగా బౌలర్‌కి అటూ ఇటూ ఉండే ఆ ఇద్దరు ఫీల్డర్లూ దగ్గరికి వచ్చారు.

రెండో బంతి బౌలర్ తల మీంచి వెళ్ళింది. తిన్నగా. బౌండరీ గీత అవతల పడింది. తర్వాత గట్టు మీంచి ఎవరో వేలంపాట గొంతుతో అరిచారు.

"ఒకటోపాట!"

ఆ ఓవర్లోనే ఇంకోటి.

"రెండోపాట!"

ఇద్దరు ఫీల్డర్లూ వెనక్కి పరిగెత్తారు. నూకరాజు తర్వాతి బంతిని వాళ్ళు ఖాళీ చేసిన చోటికి మెల్లగా తోసి, నడుచుకుంటూ ఒక పరుగు తీశాడు. వెళ్తూ వెళ్తూ బౌలర్‌తో ఏదో అన్నాడు. ఏమన్నావని తర్వాత అడిగితే, "మంచి సరుకుంటే బయటికి తియ్యి బావా అన్నాను," అన్నాడు.

వాళ్ళ కెప్టెన్ తన మంచి బౌలర్ని ఆపేసి రెండో రకం బౌలర్ని తెచ్చాడు. అదీ కాగితం మీద ఉన్న సంగతే. కానీ కళ్ళారా చూడటం వేరు. ఎప్పుడూ మేం ఇరవై ఓవర్లు దాటాక చేరే స్కోరు ఈసారి పది ఓవర్లకే బోర్డు మీదుంది.

అప్పుడు నూకరాజు ఔటయ్యాడు. గాల్లోకి కొట్టి, గీత దగ్గర క్యాచ్.

టెంటు కింద నేను సూర్యనారాయణ గారి వైపు చూడలేదు. నిజమైన పరీక్ష అదేనని నాకు తెలుసు. ఒక్కడు ధైర్యంగా ఆడటం ఏ జట్టులోనైనా జరుగుతుంది. అతను పోయాక రెండోవాడు తలుపులు మూసుకుంటే ఆ జట్టు మారనట్టే. లోపలికి వెళ్తున్నది కరీం భాయ్. ఎదురొస్తున్న నూకరాజు అతని భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పాడు, టెంటులోకి వచ్చి పెద్దాయన పక్కనే కూర్చున్నాడు.

"క్యాచ్ ఇచ్చావు," అన్నారు పెద్దాయన.

"ఇచ్చినానండి. బాగా తగిలింది గానీ."

కరీం భాయ్ నిలదొక్కుకోవడానికి కొంత సమయం తీసుకున్నాడు. రెండో వికెట్ కూడా పడింది. మంచినీళ్ళ విరామం వచ్చింది. సీసాలు తీసుకుని నేను బయల్దేరుతుంటే సూర్యనారాయణ గారు పిలిచారు.

"కరీంకి చెప్పు. నిలబడమని చెప్పు. వికెట్ పోకూడదు."

అధ్యక్షుడి మాట. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "పెద్దాయన నిలబడమన్నారు."

కరీం భాయ్ హెల్మెట్ తీసి నీళ్ళు తాగాడు. "నువ్వేమంటావ్?"

"నేను నీళ్ళు తెచ్చాను."

కరీం భాయ్ గట్టిగా నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. "అయితే నీళ్ళిచ్చి పో భాయ్."

తర్వాతి ఓవర్ మొదటి బంతి. కరీం భాయ్ ఒక అడుగు ముందుకేశాడు. మా జట్టులో అందరికంటే నెమ్మదైన మనిషి, ఆ షాట్ కూడా నెమ్మదిగానే కొట్టినట్టు కనిపించింది. బంతి మాత్రం సైట్‌స్క్రీన్‌కి తగిలి తిరిగొచ్చింది. గట్టు మీద హార్బర్ అంతా లేచి నిలబడింది. ఆ తర్వాత ఎవరు ఎన్ని కొట్టారో రాయను. గాజువాక నుంచి బస్సులో వచ్చినవాడు కొట్టాడు, ఐసు మోసేవాడు కొట్టాడు. ఒకరు పోతే ఇంకొకరు వచ్చి అక్కణ్ణుంచే అందుకున్నారు. ఇంకా ఏడు ఓవర్లు మిగిలి ఉండగా గెలిచేశాం.

మిగిలిన ఓవర్లు

గెలిచాక ఏం చెయ్యాలో మాకు తెలీలేదు. అలవాటు లేదు. హార్బర్ జనం లోపలికొచ్చి కరీం భాయ్‌ని ఎత్తుకున్నారు. అతను "దించండర్రా, మోకాళ్ళు, మోకాళ్ళు!" అని అరుస్తున్నాడు. బ్యాటింగ్ వంతు రాని మా ముగ్గురు మాత్రం ప్యాడ్లు కట్టుకుని దిగులుగా కూర్చున్నారు. జట్టు బతికింది, సంతోషమే. కానీ వాళ్ళ ఆదివారం బ్యాటు పట్టకుండానే అయిపోయింది.

ఎదుటి కెప్టెన్ చేయి కలపడానికి వచ్చి వాళ్ళని చూశాడు. మంచివాడు. "ఎండ ఇంకా ఉంది కదా. మిగిలిన ఓవర్లు సరదాగా వేస్తాం, ఆడండి," అన్నాడు.

ముగ్గురూ ఆడారు. తలా రెండు ఓవర్లు. ఆఖరి ఓవర్ మిగిలింది. ఎవరు వెళ్తారని చూస్తుంటే నూకరాజు పెద్దాయన ముందు వంగి ప్యాడ్లు కట్టడం మొదలెట్టాడు.

"ఏయ్, ఏమిటిది? వదులు!"

"కాలు ఇలాగెట్టండి. అద్గదీ."

"నా వయసేమిటి, ఇదేమిటి!"

"మీ డ్రా మ్యాచ్ గురించి సెప్పీసి సెప్పీసి మా సెవులు పోనాయి. ఒక్కపాలి సూపించండి మరి."

పంచె పైకి ఎగ్గట్టి, ప్యాడ్లతో, సూర్యనారాయణ గారు క్రీజులోకి నడిచారు. గార్డ్ తీసుకున్న తీరు చూసి మేమంతా గీత దాకా జరిగాం. ఎడమ మోచెయ్యి ఎత్తు, తల నిలకడ, అంతా అచ్చు పాఠంలా ఉంది. మొదటి బంతిని బ్యాటు మధ్యలో ఆపారు. రెండోది కూడా. మూడో బంతి ఆపాక బౌలర్ వైపు తలెత్తి చూశారు. ఇంతేనా సరుకు అన్నట్టు. నూకరాజు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నాలుగో బంతికి ఆయన అడుగు ముందుకేసి, బౌలర్ తల మీంచి పంపాలని బ్యాటు పూర్తిగా ఊపారు. బంతి తగల్లేదు. మధ్య స్టంపు ఎగిరి వెళ్ళి వెనక పడింది.

వెనక్కి తిరిగి స్టంపుల వైపు చూసుకున్నారు. మా వైపు చూశారు. ఆయన మొహంలో మేమెప్పుడూ చూడని నవ్వు మెల్లగా మొదలై, మొహమంతా నిండింది.

"బంతెయ్యవయ్యా," అన్నారు బౌలర్‌తో, క్రీజులోంచి కదలకుండా. "ఇంకా రెండున్నాయి."